ఫైల్‌లో కావలసిన చోటికి దూకాలంటే: ఎఫ్‌సీక్, ఎఫ్‌సెట్‌పోస్, ఎఫ్‌సీక్‌ఓ, రివైండ్ - ఏది ఎప్పుడు?

భీమవరం పక్కన ఒక రైతుకి 20 రొయ్యల చెరువులున్నాయనుకుందాం. ప్రతి చెరువులో నీటిలోని ఆక్సిజన్ కొలిచే సెన్సర్ ఉంది. సెకనుకొక రీడింగ్ వస్తుంది, ఒక్కో రీడింగ్‌కి 16 బైట్లు. చెరువుకి రోజుకి 86,400 రీడింగులు కాబట్టి 20 చెరువులకి రోజుకి 2,76,48,000 బైట్లు ఒకే ఫైల్‌లోకి చేరతాయి. వనామీ పంట చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. చెరువు గట్టు మీద షెడ్డులో విండోస్ లాప్‌టాప్ పెట్టి, సీ భాషలో మామూలు ఎఫ్‌సీక్ (ఫైల్‌లో ఒక స్థానానికి దూకేది), ఎఫ్‌టెల్ (ఇప్పుడున్న స్థానం చెప్పేది) వాడి ప్రోగ్రామ్ రాస్తే 77 రోజులు బ్రహ్మాండంగా నడుస్తుంది. అర్ధరాత్రి మొదలుపెట్టిన ఫైలైతే 78వ రోజు సాయంత్రం 4 దాటిన కాసేపటికి 2,14,74,83,647 బైట్ల గీత దాటుతుంది. అక్కణ్ణుంచి ఎఫ్‌టెల్ -1 ఇస్తుంది. రికార్డుల సంఖ్య కోసం ఆ -1ని మామూలు 16తో భాగిస్తే వచ్చేది 0. ఫైల్ ఖాళీ అని స్క్రీన్ చెబుతుంది. ఫైల్‌లో మాత్రం రెండున్నర నెలల డేటా చెక్కుచెదరకుండా ఉంది.

సెన్సర్లు బాగున్నాయి, డిస్కు బాగుంది, ప్రోగ్రామ్ లెక్క కూడా సరైనదే. ఫంక్షన్ ఎంపిక ఒక్కటే తప్పింది. ఫైల్‌లో స్థానం మార్చే ఫంక్షన్లన్నీ ఒకే పని చేస్తున్నట్టు కనబడతాయి, పాఠ్యపుస్తకాలూ వాటిని ఒకే పేజీలో ముగించేస్తాయి. పనిలోకి దిగాక తేడాలు బయటపడతాయి. ఇక్కడ ఫంక్షన్ల పేర్లు నోటితో పలికినట్టే రాశాను. కంపైలర్‌కి ఇచ్చేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టుకోండి.

ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది: మీరు వెళ్లాలనుకునే చోటు లెక్కగట్టి తెలుసుకునేదా, ముందే గుర్తుపెట్టుకున్నదా?

కాలవ గట్టు మీద కిలోమీటరు రాళ్లుంటాయి. ఏడో రాయి ఎక్కడుంటుందో అక్కడికి వెళ్లకుండానే చెప్పొచ్చు. అదే మనం ఒక కొబ్బరి చెట్టుకి గుడ్డపేలిక కట్టి వచ్చామనుకోండి, మళ్లీ ఆ చెట్టు దగ్గరికి రావడానికే అది పనికొస్తుంది. ఆ పేలికను బట్టి మూడో చెట్టు ఎంత దూరమో లెక్కకట్టలేం. ప్రతి రికార్డూ ఒకే పొడవున్న బైనరీ ఫైల్ కిలోమీటరు రాళ్ల గట్టు లాంటిది. టెక్స్ట్ ఫైల్‌లో ఉండేవి పేలికలే. సీ ప్రమాణం కూడా ఈ రెండిటినీ వేరుగానే చూస్తుంది. స్థానం మార్చడంలో వచ్చే తప్పుల్లో చాలావరకు పేలికని రాయి అనుకోవడం వల్ల వచ్చేవే.

రెండోది, ఫైల్ ఎప్పటికైనా 2 జీబీ దాటుతుందా? ఇవాళ ఎంతుందో చూసి చెప్పకండి. రోజుకి ఎంత పెరుగుతుందో గుణించి చూడండి.

మూడోది, ప్రోగ్రామ్ ఎక్కడ నడుస్తుంది? ఎఫ్‌సీక్, ఎఫ్‌టెల్ స్థానాన్ని లాంగ్ అనే పూర్ణాంక రకంలో పెడతాయి. అది 64-బిట్ లైనక్స్‌లో 8 బైట్లు, 64-బిట్ విండోస్‌లో 4 బైట్లు; 4 బైట్లలో 2,14,74,83,647 దాటిన సంఖ్య పట్టదు. 32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసిన రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో కూడా 4 బైట్లే. కాలేజీ ల్యాబులో ఉబుంటు మీద సరిగ్గా నడిచిన ప్రోగ్రామ్ చెరువు దగ్గర లాప్‌టాప్‌లో దెబ్బతినడానికి కారణం ఇదే.

నాలుగోది, దూకడం కుదరకపోతే ఆ సంగతి ప్రోగ్రామ్‌కి తెలియాలా? నా ఉద్దేశంలో దాదాపు ఎప్పుడూ తెలియాలి.

| పద్ధతి | స్థానం లెక్కగట్టొచ్చా | 2 జీబీ దాటితే | విఫలమైతే తెలుస్తుందా | ఎక్కడ దొరుకుతుంది |
|---|---|---|---|---|
| ఎఫ్‌సీక్, ఎఫ్‌టెల్ | బైనరీలో అవును, టెక్స్ట్‌లో కాదు | లాంగ్ 4 బైట్లైతే పనిచేయదు | తెలుస్తుంది | అన్నిచోట్లా |
| ఎఫ్‌గెట్‌పోస్, ఎఫ్‌సెట్‌పోస్ | కాదు | విండోస్‌లో పనిచేస్తుంది | తెలుస్తుంది | అన్నిచోట్లా |
| ఎఫ్‌సీక్‌ఓ, ఎఫ్‌టెల్‌ఓ | బైనరీలో అవును | ఆఫ్‌_టీ (దీని స్థానం రకం) 8 బైట్లైతే పనిచేస్తుంది | తెలుస్తుంది | పోసిక్స్ సిస్టమ్‌లు (లైనక్స్ లాంటివి) |
| విండోస్ 64-బిట్ జత | బైనరీలో అవును | పనిచేస్తుంది | తెలుస్తుంది | విండోస్ మాత్రమే |
| రివైండ్ | మొదటికి మాత్రమే | ఇబ్బంది లేదు | నేరుగా తెలియదు | అన్నిచోట్లా |

ఎఫ్‌సీక్, ఎఫ్‌టెల్

ఎక్కువమంది చేయి ముందు దీని మీదికే వెళుతుంది, చిన్న బైనరీ ఫైళ్లకి అది సరైనదే. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం గంటకోసారి రాసుకునే ఫైల్‌ని ఉదాహరణగా తీసుకుందాం. రికార్డులో సమయానికి 8 బైట్లు, మట్టానికి 4, ఎత్తిన గేట్ల సంఖ్యకి 4, మొత్తం 16. మట్టాన్ని అడుగుల్లో వందో వంతుల లెక్కన పూర్ణాంకంగా రాసుకుంటే మేలు: మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు 1175 అవుతుంది, రెండోది 13.75 అడుగులు 1375, మూడోది 17.75 అడుగులు 1775. పోలికకి దశాంశాల గొడవ ఉండదు, ప్రతి రికార్డూ ఒకే పొడవుంటుంది.

మామూలు సంవత్సరానికి 8,760 గంటలు, అంటే 1,40,160 బైట్లు. డెల్టాలో అందరికీ గుర్తున్న 1986 ఆగస్టు వరదనే తీసుకోండి. ఆగస్టు 16 ఉదయం 6 గంటల రీడింగ్ కావాలి. ఆ రోజుకి ముందు 227 రోజులు గడిచాయి. 227 × 24 = 5,448, దానికి 6 కలిపితే 5,454, దాన్ని 16తో గుణిస్తే 87,264. ఎఫ్‌సీక్‌కి ఫైల్, 87264, సీక్‌_సెట్ (ఫైల్ మొదటి నుంచి లెక్క అని) ఇచ్చి 16 బైట్లు చదివితే చాలు. ముందున్న 5,454 రికార్డుల్లో ఒక్కటీ చదవనక్కర్లేదు. ఫైల్ మొదట్లో హెడర్ ఉంటే దాని పొడవు కలపడం మర్చిపోకండి.

రికార్డు పొడవు 16 అని చేత్తో రాయకుండా, పొడవు ఎన్ని బైట్లో చెప్పే సైజాఫ్‌తో తీసుకోండి. పై రికార్డులో ఖాళీలు లేవు కాబట్టి రెండూ ఒకటే. రేపు మధ్యలో ఒక బైటు జెండా చేరిస్తే కంపైలర్ దాని పక్కన ఖాళీ బైట్లు నింపుతుంది. అప్పుడు చేత్తో కూడిన లెక్కా నిజమైన పొడవూ వేరవుతాయి.

ఎఫ్‌సీక్ సఫలమైతే 0 ఇస్తుంది, లేకపోతే 0 కానిది. కొత్తవాళ్లు దీన్ని కొత్త స్థానం అనుకుంటారు. స్థానం కావాలంటే ఎఫ్‌టెల్‌ని అడగాలి, అది విఫలమైతే -1 ఇస్తుంది. ఎఫ్‌సీక్ సఫలమైందంటే ఫైల్ అయిపోయిందన్న జెండా కూడా దిగిపోతుంది, అన్‌గెట్‌సీతో వెనక్కి తోసిన అక్షరమూ పోతుంది.

ఫైల్ చివర దాటి దూకినా ఎఫ్‌సీక్ తప్పు అనదు. 8,760 రికార్డులున్న ఫైల్‌లో 9,000వ రికార్డుకి వెళ్లమంటే సరేనంటుంది. తర్వాత ఎఫ్‌రీడ్ 0 ఇచ్చినప్పుడే సంగతి తెలుస్తుంది. అక్కడ చదవకుండా రాస్తే ఇంకా ఘోరం: లైనక్స్‌లో మధ్యనున్న రికార్డులన్నీ సున్నాలుగా కనిపిస్తాయి. నీటిమట్టం 0 అడుగులు, సమయం 1970 జనవరి 1. అలాంటి రికార్డులు కనిపిస్తే సెన్సర్‌ని అనుమానించే ముందు వరుస సంఖ్య లెక్క చూడండి.

దగ్గర దూకుళ్లకి ఎఫ్‌సీక్ ప్రతిసారీ చవక అని చెప్పలేం. బఫర్‌లో (డేటాని తాత్కాలికంగా ఉంచుకునే మెమరీలో) అప్పటికే ఉన్నదాన్ని పారేసి డిస్కు నుంచి మళ్లీ తెచ్చుకునే అమలులు ఉన్నాయి. రెండు మూడు రికార్డులు ముందుకి జరగాలంటే వాటిని చదివి వదిలేయండి. ఒకే చెరువు రీడింగుల కోసం 20 రికార్డులకి ఒకటి చొప్పున ఏరుతూ పోవాలన్నా, సీక్‌లు కొట్టడం కంటే ఒకేసారి 64 కేబీ ముక్క చదివి మెమరీలో ఏరుకోవడమే నయం.

చదివి, దిద్ది, మళ్లీ అక్కడే రాయడం

తప్పుగా పడిన ఒక రీడింగ్‌ని దిద్దాలి. ఫైల్‌ని ఆర్‌బీ ప్లస్ పద్ధతిలో (ఉన్న ఫైల్‌ని బైనరీగా చదవడానికీ రాయడానికీ) తెరవాలి. ఏ ప్లస్‌తో తెరిస్తే మీరు ఎక్కడికి దూకినా రాత మాత్రం ఫైల్ చివరే పడుతుంది. దిద్దిన రికార్డు చివర చేరి, తప్పు రికార్డు ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. డబ్ల్యూబీ ప్లస్‌తో తెరిస్తే ఉన్న డేటా మొత్తం పోతుంది.

వరుస ఇది:

1. రికార్డు స్థానానికి ఎఫ్‌సీక్.
2. ఎఫ్‌రీడ్‌తో 16 బైట్లు. ఇప్పుడు స్థానం తర్వాతి రికార్డు మొదట్లో ఉంది.
3. మెమరీలో మట్టం దిద్దడం.
4. మళ్లీ అదే స్థానానికి ఎఫ్‌సీక్.
5. ఎఫ్‌రైట్‌తో 16 బైట్లు.
6. మళ్లీ చదవబోయే ముందు ఇంకో ఎఫ్‌సీక్, లేదా ఎఫ్‌ఫ్లష్ (బఫర్‌లో ఉన్న రాతని ఫైల్‌కి పంపేది).

నాలుగో అడుగు మానేస్తే పక్క రికార్డు చెరిగిపోతుందని అందరికీ తెలుస్తుంది. ఆరో అడుగే చాలామంది వదిలేస్తారు. చదవడం నుంచి రాయడానికి మారినా, రాయడం నుంచి చదవడానికి మారినా మధ్యలో స్థానం మార్చే ఫంక్షన్ ఒకటి పిలవాలని ప్రమాణం చెబుతోంది. ఎఫ్‌ఫ్లష్ సరిపోయేది రాత తర్వాత చదివేటప్పుడు మాత్రమే. కదలాల్సిన దూరం ఏమీ లేకపోయినా సీక్‌_కర్‌తో (ఇప్పుడున్న చోటి నుంచి లెక్క) 0 దూరం దూకి తీరాలి. వదిలేస్తే ఏమవుతుందన్నది ఏ లైబ్రరీలో నడుస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒక యంత్రంలో బాగా నడిచి ఇంకోదాంట్లో చెత్త రాస్తుంది.

నాలుగో అడుగులో కొందరు సీక్‌_కర్ ఇచ్చి -1 * సైజాఫ్ రాస్తారు. సైజాఫ్ ఇచ్చేది గుర్తు లేని సంఖ్య. 32-బిట్ యంత్రంలో ఆ గుణకారం -16 కాకుండా 4,29,49,67,280 అవుతుంది. లాంగ్ కూడా 32 బిట్లే ఉన్నప్పుడు అది తిరిగి -16గా మారి తప్పు దాక్కుంటుంది. అదే వాక్యంలో ఎఫ్‌సీక్ తీసేసి 64-బిట్ స్థానం తీసుకునే ఎఫ్‌సీక్‌ఓ పెట్టిన రోజున, వెనక్కి 16 బైట్లు పోవాల్సిన ప్రోగ్రామ్ 4 జీబీ ముందుకి దూకి అక్కడ రాస్తుంది. సైజాఫ్‌ని ముందు ఆఫ్‌_టీగా మార్చి, ఆ తర్వాత మైనస్ పెట్టండి. అంతకంటే మంచిది, మొదట దూకిన స్థానాన్ని వేరియబుల్‌లో ఉంచుకుని సీక్‌_సెట్‌తోనే తిరిగి వెళ్లడం. వెనక్కి లెక్కపెట్టే అవసరమే రాదు.

టెక్స్ట్ ఫైళ్లు: గుర్తులే దిక్కు

టెక్స్ట్ పద్ధతిలో తెరిచిన ఫైల్‌లో ఎఫ్‌సీక్‌కి ఇవ్వదగిన స్థానాలు రెండే రకాలు: 0, లేదా అదే ఫైల్ మీద ఇంతకుముందు ఎఫ్‌టెల్ ఇచ్చిన విలువ (దీనికి సీక్‌_సెట్ వాడాలి). లైనుకి 40 అక్షరాలు కాబట్టి పదో లైను అంటే 9 గుణించు 40 అని వెళ్లడానికి లేదు.

విండోస్‌లో కారణం కళ్లకి కనబడుతుంది. ప్రోగ్రామ్ రాసే ఒక్క లైను ముగింపు డిస్కు మీద రెండు బైట్లుగా పడుతుంది, చదివేటప్పుడు మళ్లీ ఒకటవుతుంది. 8,760 లైన్ల ఫైల్‌లో మీ లెక్కకీ డిస్కుకీ తేడా 8,760 బైట్లు.

బైనరీ రికార్డుల ఫైల్‌ని పొరపాటున టెక్స్ట్ పద్ధతిలో తెరిస్తే ఇదే సంగతి ఇంకోలా కొడుతుంది. ధవళేశ్వరం రికార్డునే తీసుకోండి. 175 గేట్లలో 10 ఎత్తిన గంట వచ్చింది. గేట్ల సంఖ్య నాలుగు బైట్లుగా 10, 0, 0, 0 అని రాయాలి. విలువ 10 అంటే టెక్స్ట్‌లో లైను ముగింపు కాబట్టి విండోస్ లైబ్రరీ దాని ముందు 13 చేరుస్తుంది: 13, 10, 0, 0, 0. ఆ రికార్డు 17 బైట్లయింది, అక్కణ్ణుంచి రికార్డులన్నీ ఒక్కో బైటు పక్కకి జరిగాయి. చదివేటప్పుడు విలువ 26 ఉన్న బైటు ఎదురైతే ఇంకో ప్రమాదం, విండోస్ దాన్ని ఫైల్ ముగింపుగా తీసుకుని అక్కడే ఆపేస్తుంది. ఎఫ్‌ఓపెన్ పద్ధతిలో బీ అక్షరం లేకపోవడమే ఇంత పనీ చేస్తుంది. లైనక్స్‌లో ఆ అక్షరానికి తేడా ఏమీ లేదు కాబట్టి అక్కడ రాసిన కోడ్‌లో అది మాయమై ఉంటుంది.

తెలుగు అక్షరాలున్న ఫైలైతే లైనక్స్‌లో కూడా జాగ్రత్త కావాలి. అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. గుణింతపు గుర్తు, సున్నా కూడా విడి సంకేతాలే. గోదావరి అనే మాట కంటికి నాలుగు అక్షరాలు, సంకేతాలుగా ఏడు, బైట్లుగా 21. యానాం 15 బైట్లు, రాజోలు 18, మామిడికుదురు 36. 20 అక్షరాల పేరు గడి అని లెక్కకట్టి మధ్యలోకి దూకితే అక్షరం నడుములో పడతారు, ఆ చోట డబ్బాలో ప్రశ్నార్థకం కనబడుతుంది. ఎక్సెల్‌లో యూటీఎఫ్-8 సీఎస్‌వీగా భద్రం చేసిన ఫైల్ మొదట్లో 3 బైట్ల గుర్తు అదనంగా ఉంటుంది, మొదటి గడి పేరు సరిపోలడం లేదంటే ముందు దాన్నే చూడండి.

దీనికి సరైన దారి సూచిక కట్టుకోవడం. ఫైల్‌ని ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చదవండి. ప్రతి లైను చదవబోయే ముందు స్థానం అడిగి పట్టికలో వేసుకోండి, ఆ తర్వాత ఏ లైనుకైనా ఆ గుర్తుతో దూకండి. లైను చదివాక గుర్తు తీసుకుంటే అది తర్వాతి లైనుది అవుతుంది. ఈ ఒక్క తేడాతో ఊళ్ల పేర్లన్నీ ఒకటి చొప్పున జరిగి కనబడతాయి.

ఎఫ్‌గెట్‌పోస్, ఎఫ్‌సెట్‌పోస్

పై సూచికకి ఈ జత చక్కగా సరిపోతుంది. ఎఫ్‌గెట్‌పోస్ ఇచ్చే ఎఫ్‌పోస్‌_టీ లోపల ఏముందో మనకి అనవసరం. దాన్ని దాచుకుని ఎఫ్‌సెట్‌పోస్‌కి తిరిగి ఇవ్వడమే మన పని. కూడడం, తీసివేయడం కుదరదు. విండోస్‌లో అది 64 బిట్లది, కాబట్టి 2 జీబీ దాటిన పెద్ద లాగ్ ఫైల్‌లో కూడా గుర్తులు చెల్లుతాయి. వైడ్ అక్షరాలతో చదివే స్ట్రీమ్‌లో ఎన్‌కోడింగ్ ఏ స్థితిలో ఉందో కూడా అందులో ఉంటుంది, ఎఫ్‌టెల్ ఇచ్చే సంఖ్యలో ఆ సంగతి ఉండదు.

దాని విలువని డిస్కు మీద రాసుకుని రేపు మళ్లీ వాడదామనుకుంటే ఈ జత వద్దు. సూచికని శాశ్వతంగా ఉంచుకోవాలంటే టెక్స్ట్ ఫైల్‌నే బైనరీ పద్ధతిలో తెరిచి, లైను ముగింపులు మీరే చూసుకుంటూ, 64-బిట్ సంఖ్యలతో బైట్ల స్థానాలు దాచుకోండి. కాస్త పని ఎక్కువే. కానీ ఆ సూచిక లాప్‌టాప్‌లోనూ సర్వర్‌లోనూ ఒకేలా పనిచేస్తుంది.

ఎఫ్‌సీక్‌ఓ, దాని విండోస్ చుట్టం

పెరిగే ఫైల్‌కి నా ఓటు దీనికే. వాడుక అచ్చం ఎఫ్‌సీక్ లాంటిదే, స్థానం రకం మాత్రం లాంగ్ బదులు ఆఫ్‌_టీ. 64-బిట్ లైనక్స్‌లో ఇంకేమీ చేయనక్కర్లేదు. 32-బిట్ లైనక్స్‌లో మాత్రం _ఫైల్_ఆఫ్‌సెట్_బిట్స్ అనే మాక్రోకి 64 అని, హెడర్ ఫైళ్లన్నిటికంటే ముందు లేదా కంపైల్ చేసే ఆదేశంలో చెప్పాలి. హెడర్ల తర్వాత రాస్తే అది ఉన్నా లేనట్టే. కంపైల్ ఆదేశంలో పెట్టడమే భద్రం, అన్ని ఫైళ్లకీ ఒకేలా వర్తిస్తుంది. ఇది లేకుండా 32-బిట్ రాస్‌బెర్రీ పై మీద నడిపితే 2 జీబీ దగ్గర రాయడమే ఆగిపోతుంది, అంతకంటే పెద్ద ఫైల్‌ని తెరవడం కూడా కుదరదు.

మైక్రోసాఫ్ట్ లైబ్రరీలో ఇదే పనికి వేరే పేర్లున్నాయి: మొదట అండర్‌స్కోర్ పెట్టిన ఎఫ్‌సీక్‌ఐ64, ఎఫ్‌టెల్‌ఐ64. రెండుచోట్లా నడవాలంటే మీ సొంత పేరుతో చిన్న ఫంక్షన్ ఒకటి రాసి, లోపల విండోస్ అయితే ఇది, కాకపోతే అది అని విడదీయండి. ప్రోగ్రామ్‌లో మిగతా ఎక్కడా నేరుగా ఎఫ్‌సీక్ కనబడకూడదు. స్థానం లెక్కలో గుణకారం కూడా 64 బిట్లలోనే జరగాలి. రెండు మామూలు ఇంట్ సంఖ్యలు గుణించి ఆ ఫలితాన్ని ఆఫ్‌_టీలో వేస్తే గుణకారం దగ్గరే పొంగిపోతుంది. వరుస సంఖ్యని ముందు ఆఫ్‌_టీగా మార్చి తర్వాత గుణించండి.

రివైండ్

ఫైల్ మొదటికి తీసుకెళ్లి తప్పు జెండాని కూడా దించుతుంది. కానీ ఏ విలువా తిరిగి ఇవ్వదు. ప్రోగ్రామ్‌కి డేటా పైపు ద్వారా (ఇంకో ప్రోగ్రామ్ నుంచి నేరుగా) వస్తున్నప్పుడు వెనక్కి వెళ్లడం అసలు కుదరదు. ఎఫ్‌సీక్ ఆ మాట చెబుతుంది, రివైండ్ చెప్పదు. చిన్న అభ్యాసాలకి ఫర్వాలేదు. మిగతాచోట్ల 0 స్థానానికి ఎఫ్‌సీక్ కొట్టి, ఫలితం చూసి, కావాలంటే తప్పు జెండా దించే క్లియర్‌ఎర్ పిలవండి.

సీ ప్లస్ ప్లస్‌లోనూ, స్టాండర్డ్ లైబ్రరీ అవతలా

ఎఫ్‌స్ట్రీమ్‌లో సీక్‌జీ చదవడానికి, సీక్‌పీ రాయడానికి అని రెండు పేర్లున్నా, ఫైల్‌కి స్థానం ఒక్కటే. ఒకటి కదిపితే రెండోదీ కదులుతుంది. చివరిదాకా చదివాక మళ్లీ మొదటికి రావాలంటే ముందు క్లియర్ పిలవండి. 2011 ప్రమాణం నుంచి సీక్‌జీ ఫైల్ ముగింపు జెండాని తనే దించుతుంది. విఫలమైన చదువు ఎత్తిన రెండో జెండా మాత్రం అలాగే ఉంటుంది, అదున్నంతసేపు సీక్‌జీ కదలదు.

చాలా థ్రెడ్లు ఒకే ఫైల్‌ని వేర్వేరు చోట్ల చదవాలంటే లైనక్స్‌లో పీరీడ్ మంచిది. స్థానాన్ని చదివే పిలుపులోనే ఇస్తారు, కాబట్టి ఒక థ్రెడ్ దూకాక ఇంకోటి వచ్చి స్థానం మార్చేయడం ఉండదు. అయితే ఎఫ్‌రైట్‌తో బఫర్‌లో రాసి ఇంకా డిస్కుకి పంపనిది పీరీడ్‌కి కనబడదు. ఆ ఫైల్‌కి రెండు పద్ధతులూ కలిపి వాడకండి.

కరెంటు పోయినప్పుడు చివరి రికార్డు

తుఫాను గాలికి కరెంటు పోయి యంత్రం మధ్యలో ఆగితే చివరి రికార్డు సగమే పడి ఉండొచ్చు. ఫైల్ 1,40,167 బైట్లుంది అనుకోండి. సీక్‌_ఎండ్‌తో (ఫైల్ చివరి నుంచి లెక్క) వెనక్కి 16 వెళ్తే 1,40,151కి చేరతారు. అది ఏ రికార్డుకీ మొదలు కాదు, చదివిన సమయం, మట్టం అన్నీ చెత్తే. ముందు చివరికి దూకి మొత్తం పొడవు తీసుకోండి, దాన్ని 16తో భాగించి శేషం చూడండి. ఇక్కడ శేషం 7. దాన్ని తీసేస్తే 1,40,160, అందులోంచి 16 తీస్తే 1,40,144 - చివరి పూర్తి రికార్డు అక్కడ మొదలవుతుంది. కొత్త రికార్డు 1,40,160 దగ్గర, సగం పడినదాని మీదే రాయాలి. 'ఏ' అక్షరంతో, అంటే చివర చేర్చే పద్ధతిలో, తెరిచిన ఫైల్‌కి ఈ దిద్దుబాటు కుదరదు, రాత చివరే పడుతుంది కాబట్టి ఆ తర్వాతి రికార్డులన్నీ 7 బైట్లు పక్కకి పోతాయి. లాగర్ ప్రోగ్రామ్ మొదలైన ప్రతిసారీ ఈ శేషం పరీక్ష చేయాలి, ఇది ఐచ్ఛికం అనుకోకండి.

ఎవరికి ఏది

కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో ఇంజినీరింగ్ చదువుతూ ల్యాబ్ పరీక్షకి సిద్ధమయ్యేవాళ్లకి ఎఫ్‌సీక్, ఎఫ్‌టెల్ చాలు. సీక్‌_సెట్, సీక్‌_కర్, సీక్‌_ఎండ్ మూడూ ఒక చిన్న ఫైల్ మీద చేత్తో లెక్కగట్టి సరిచూసుకోండి.

రైస్ మిల్లు కాటా దగ్గర లారీల తూకాలు దాచే ప్రోగ్రామ్‌కి పరిమాణం సమస్య కాదు. 64 బైట్ల రికార్డు, రోజుకి 500 తూకాలు వేసినా ఏడాదికి 1,16,80,000 బైట్లే. అక్కడ ఎఫ్‌సీక్ నిశ్చింతగా వాడొచ్చు. మీ శ్రద్ధంతా ఆర్‌బీ ప్లస్ మీద, చదివి రాసేటప్పటి ఆరో అడుగు మీద పెట్టండి. ఒక లారీ తూకం ఇంకో లారీ లెక్కలో పడితే అది డబ్బుల తగాదా.

ఊళ్ల పేర్లు, రైతుల పేర్లు తెలుగులో ఉన్న జాబితాలకి ఎఫ్‌గెట్‌పోస్‌తో సూచిక. ప్రోగ్రామ్ మూసినా సూచిక నిలవాలంటే బైనరీ పద్ధతి, 64-బిట్ స్థానాలు.

ఆక్వా సెన్సర్లకి మొదటి రోజు నుంచే ఎఫ్‌సీక్‌ఓ లేదా విండోస్ 64-బిట్ జత. దాంతోపాటు రోజుకో ఫైల్ చేయడం నాకు ఇంకా నచ్చుతుంది. 2.76 కోట్ల బైట్ల ఫైల్ కాపీ చేయడం తేలిక, ఒకటి పాడైనా మిగతా రోజులు నిలుస్తాయి. పంటంతా ఒకే ఫైల్‌లో పెట్టి ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేవాళ్లు ఇంకో గీత కూడా గుర్తుంచుకోవాలి. అక్కడ ఒక ఫైల్ 4,29,49,67,295 బైట్లు దాటదు, ఈ లెక్కన 156వ రోజున ఆ గీత వస్తుంది.

78 రోజులు ఆగకుండా పరీక్షించడం

కొత్త ఫైల్‌ని డబ్ల్యూబీ ప్లస్‌లో తెరవండి. మీ సొంత దూకుడు ఫంక్షన్‌తో 300,00,00,000 స్థానానికి వెళ్లండి, ఫలితం 0 అవునో కాదో చూడండి. ఒక్క బైటు రాయండి. స్థానం అడగండి. 300,00,00,001 రావాలి. -1 వచ్చినా, ఇంకేదైనా సంఖ్య వచ్చినా ఎక్కడో లాంగ్ మిగిలి ఉంది. తర్వాత 16 బైట్లు వెనక్కి దూకి స్థానం మళ్లీ అడగండి, 299,99,99,985 రావాలి. ముందుకి పోయిందంటే సైజాఫ్ ముందు మైనస్ ఎక్కడుందో వెతకండి.

లైనక్స్‌లో ఈ ఫైల్ మధ్యభాగం డిస్కులో చోటు తినదు. విండోస్‌లో మాత్రం 3 జీబీ ఖాళీ ఉందో లేదో ముందే చూసుకుని, పరీక్ష అయ్యాక ఫైల్ తీసేయండి. ఈ పరీక్షని ల్యాబ్ కంప్యూటర్‌లో చేస్తే లాభం లేదు, చెరువు గట్టు మీద షెడ్డులో నడవబోయే ఆ లాప్‌టాప్ మీదే, లేదా ఆ రాస్‌బెర్రీ పై మీదే చేయాలి.